ఎడమ పురి

నా పరిశోధన గురించి ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. అడిగేవాళ్లు ఎక్కువమంది లేరు కాబట్టి కోపం కూడా అరుదుగానే వస్తుంది. అచ్చులో నా పేరున ఒకే ఒక్క వ్యాసం ఉంది. పదకొండు పుటలు. అది తప్పు. చిన్నా చితకా తప్పు కాదు, మొదటి పుటలో మొదలై చివరి పుట దాకా పాకిన తప్పు. అది ఎట్లా జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర వేరే సరుకు లేదు.

మా ఊరు నాగిరెడ్డిపేట పక్కన, పోచారం కాలువ కింద. ఎల్లారెడ్డిలో ఉర్దూ బడి, కామారెడ్డిలో హైస్కూలు, ఆ తరువాత హైదరాబాదులో కాలేజీ. మా కాలంలో నిజాం ఇలాకాలో చదువంటే ఉర్దూ చదువే. త్రికోణాన్ని నేను మొదట 'ముసల్లస్' అనే నేర్చుకున్నాను, దానికి తెలుగులో ఒక పేరుందని మీసాలు వచ్చాక తెలిసింది. లెక్కల్లో ఎం.ఏ. చేసి తిరిగి కామారెడ్డి హైస్కూలుకే మాస్టరుగా వచ్చాను. పిల్లలకు భిన్నాలు చెప్పడం నాకు పరమ విసుగు. ఆ విసుగు పిల్లల మీద చూపించేవాణ్ణి కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా మనసంతా వేరే చోట ఉండేది. రేఖాగణితంలో అప్పుడప్పుడే ఎదుగుతున్న ఒక కొత్త శాఖ ఉంది. దానికి కొలతలతో పని లేదు. పొడవెంత, కోణమెంత అని అడగదు. ఒక వస్తువును సాగదీసినా, వంచినా, మెలిపెట్టినా, తెంచనంతవరకు దానిలో మారకుండా ఉండేది ఏమిటి అన్నదొక్కటే అది అడుగుతుంది. హైదరాబాదులో మాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు జర్మనీలో చదివి వచ్చినవాడు. ఆ శాఖ గురించి చెప్పేటప్పుడు ఆయన బోర్డు వైపు తిరగడం కూడా మరిచిపోయేవాడు. నన్ను ఆ పిచ్చిలోకి దింపింది ఆయనే.

ఆయనే ఒక మార్గమూ చూపించాడు. మూడేళ్ల వజీఫా, అంటే ఉపకారవేతనం, ఒకటి ఉంది, తన దగ్గరే ఉండి పరిశోధన చేసుకోవచ్చు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఇవ్వరు. సొంత వ్యాసం ఒకటైనా ఏదైనా గణిత పత్రిక అచ్చుకు తీసుకుని ఉండాలి. అప్పటికి నాకు ఇరవై ఏడు. మూడేళ్లలో ఒక్క వ్యాసం. అది రాస్తే గణితజ్ఞుణ్ణి, రాయకపోతే చచ్చేదాకా భిన్నాల మాస్టరుని. నాకున్న లోకమంతా ఆ రెండు ముక్కలే.

కామారెడ్డిలో కొత్త పుస్తకాలు ఎక్కడివి? ప్రొఫెసరు ఇచ్చిన రెండు పుస్తకాలు, నేను ఎత్తిరాసుకున్న నోట్సు, అంతే. అందుకని నేను నాకు తెలిసిన వస్తువు మీద పడ్డాను. అది తాడు.

మా బాపు సేద్యగాడు. ఎండాకాలం పొలంలో పని లేనప్పుడు జనుము నార తీసి తాళ్లు పేనేవాడు. పలుపులు, మోకులు, బావి తాళ్లు, ఊళ్లో సగం మందికి మా ఇంటి తాళ్లే. నార అందించడం ఆయన పని, అవతలి కొసన కొక్కెం పట్టుకొని తిప్పడం చిన్నప్పుడు నా పని. ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. ఒకసారి ఊసుపోక వెనక్కి తిప్పితే బాపు వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. ఎందుకు కొట్టాడో చెప్పలేదు. పని పాడుచేశానని కొట్టాడనుకున్నాను.

రెండు పేటల తాడు తీసుకోండి. ఒక పేటకు జాజు పూసి ఎర్రగా చేయండి, రెండోది తెల్లగానే ఉంచండి. రెండు కొసలూ కలిపి అతికితే తాడు ఒక వలయం అవుతుంది. ఇప్పుడు ఎర్ర పేట తెల్ల పేటను ఎన్నిసార్లు చుట్టిందో లెక్కపెట్టండి. తాడు తెగనంతవరకు ఆ లెక్క మారదు. కానీ కొసలు అతికే ముందు తాడులో ఒక ముడి వేసి, ఆ తరువాత అతికితే, కంటికి కనిపించే పురులు తగ్గుతాయి. తగ్గినవి ఎక్కడికి పోయాయి? ముడిలోకి పోయాయి. తాడు తనను తాను ఎన్నిచోట్ల దాటిందో అన్ని పురులు తగ్గుతాయి. నేను కనిపెట్టిన సిద్ధాంతం అదే. అది నిజమైతే, పురులు లెక్కపెట్టి ఒక ముడి తెంచకుండా విడిపోతుందో విడిపోదో చెప్పేయవచ్చు. అప్పటికి ముడుల గురించి అంత సులువైన పరీక్ష నేను ఎక్కడా చదవలేదు. ఇన్ని పెద్ద దేశాల పండితులకు తట్టనిది నాకు తట్టిందనుకుంటే రెండు వారాలు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ప్రొఫెసరు మాత్రం ఉత్తరంలో హెచ్చరించాడు. తాడును నమ్మకు, కాగితం మీద రుజువు చెయ్, అని. నేను నవ్వుకున్నాను. కాగితం ఏం చెబుతుంది? అది మనం రాసిందే చెబుతుంది. తాడైతే అబద్ధం ఆడదు కదా అనుకున్నాను. ఈ మాటొక్కటి మాత్రం నేను సరిగ్గానే అనుకున్నాను.

సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా బాపును సతాయించేవాణ్ణి.

"ఎన్ని మూరలు గావాలె?" అని అడిగేవాడు.

"మూడు మూరలు సాలు బాపూ. ముడేసి ఇస్త, కొసలు గలిపి అతకాలె. అతుకు కనవడొద్దు."

"కొసలు లేని తాడు దేనికి పనికొస్తది బిడ్డా? ఎడ్లకు పనికిరాదు, బాయికి పనికిరాదు."

"నా నౌకరీకి పనికొస్తది."

"అయితే చేస్త," అనేవాడు. అంతకు మించి అడగలేదు. నార వడివడిగా విప్పి, రెండు కొసల పేటల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి, అరచేతుల మధ్య రాస్తే అతుకు ఎక్కడుందో నాకే తెలిసేది కాదు.

మామూలు మెలికలన్నీ లెక్కకు సరిపోయాయి. మూడు చోట్ల దాటే ముడి కూడా సరిపోయింది, మూడు పురులు తగ్గాయి. ఒక్క ముడి మాత్రం మొరాయించింది. అది నాలుగు చోట్ల తనను తాను దాటుతుంది. నా సిద్ధాంతం ప్రకారం నాలుగు పురులు తగ్గాలి. ఒక్కటీ తగ్గలేదు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే.

తాడును బాపు ముందర పడేశాను. "ఇది ఖరాబైంది బాపూ. పురి సమంగ లేదు."

ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, వేలితో తడిమి, వాసన కూడా చూశాడు. "నార మంచిదే బిడ్డా. నానవెట్టుడు ఎక్కువైందేమో." మళ్లీ పేనాడు. మళ్లీ అదే లెక్క వచ్చింది. మూడోసారి కొత్త నారతో, రోజంతా కూర్చుని పేనాడు. మళ్లీ అదే. నేను తాడును మూలకు విసిరికొట్టాను.

బాపు దాన్ని తీసి దుమ్ము దులిపాడు. "చేతుల మునుపటి బలం లేదు గావచ్చు. వేరే వాళ్లతోని పేనించుకో బిడ్డా, నాతోని నీ పని ఖరాబు గావొద్దు," అన్నాడు. జీవితమంతా తాళ్లు పేనిన మనిషి ఆ మాట అంటే నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు. ముసలివాడయ్యాడు, నిజమే అనుకున్నాను. వ్యాసంలో ఆ నాలుగు దాట్ల ముడి ఊసే ఎత్తలేదు. రుజువులో ఒకచోట 'స్పష్టమే' అని రాసి ముందుకు పోయాను. స్పష్టం కానిచోటే ఆ మాట రాస్తారని తరువాత చాలా వ్యాసాలు చదివితే అర్థమైంది.

ప్రొఫెసరు చదివి బాగుందన్నాడు. ఉత్తరాదిన వెలువడే ఒక గణిత పత్రికకు పంపాడు. ఏడు నెలలకు వాళ్లు తీసుకుంటామని రాశారు. వజీఫా మంజూరైనట్టు కాగితం కూడా వచ్చింది, బడి సెలవులు అయ్యాక వచ్చి చేరమన్నారు. కామారెడ్డి స్టేషనులో మన్మాడు పోయే బండి చూసినప్పుడల్లా, ఇక కొద్ది రోజులే, అవతలి వైపు హైదరాబాదు బండి ఎక్కి పోతాను అనుకునేవాణ్ణి. బాపుకు చెబితే, "మంచిదాయె. తాడు పనికొచ్చిందా మరి?" అని అడిగాడు. పనికొచ్చింది అన్నాను. ఆ ఖరాబైంది గాక మిగిలినవా అని మళ్లీ అడిగాడు. ఔనన్నాను.

ఆ ఎండాకాలమే ఆయనకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులే. మోటారు బస్సు నడిపే ఆయనతో ఇంటివాళ్లు కబురు పంపితే ఎల్లారెడ్డి దాకా మోటారులో, అక్కడి నుంచి ఎడ్ల బండిలో ఊరు చేరాను. అప్పటికే ఆయన్ను అరుగు మీదికి దించారు. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను పట్టుకొని ఏడ్చింది. నాకు కన్నీళ్లు రాలేదు. పాడె కడుతున్నచోట పోయి కూర్చున్నాను.

చిన్నాయన వరిగడ్డితో తాడు పేనుతున్నాడు. ఆయన చేతులు తిరుగుతున్న తీరు ఎందుకో వింతగా తోచింది. బాపు చేతులు తిరిగే వైపు కాదు. చావుకు తాడు ఎడమకు పేనుతారు. బతికినవాళ్ల పనికి కుడి పురి, పాడెకు ఎడమ పురి. అందుకే ఎడమ పురి తాడు ఇంట్లో ఉండనివ్వరు, పిల్లల్ని ఆ పేనే చోటికి రానివ్వరు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా నేను ఎడమ పురిని దగ్గరి నుంచి చూడటం అదే మొదలు. నెత్తి మీద పడ్డ ఆ దెబ్బ ఎందుకో అప్పుడు తెలిసింది.

పాడె కట్టగా మిగిలిన తాడును మా పాలివాడు, దాయాది ఒకాయన, అలవాటు ప్రకారం చేతికి చుట్టబోయాడు. తాడు మాట వినలేదు. చుట్టే కొద్దీ పురి బిగిసి, మెలికలు పడి, పైకి లేచింది.

"అరే, అది ఎడమ పురి. గట్ల సుట్టితే ఇనదు. ఉల్టా సుట్టు," అన్నాడు చిన్నాయన.

అంతే. నాకు కళ్ల ముందు మొత్తం విప్పి పెట్టినట్టయింది. దాటు అన్నది ఒక రకం కాదు, రెండు రకాలు. ఒక రకం దాటు కుడి పురిని సడలిస్తుంది, రెండో రకం బిగిస్తుంది. కుడి పురి తాడు సడలే వైపే సులువుగా చుట్టుకుంటుంది, మా ఇంట్లో అందరి చేతులూ అటే అలవాటు పడ్డాయి. నా మెలికలన్నీ నేను ఆ చేతులతోనే వేశాను. రెండో రకం నాకు ఎదురుపడింది ఒక్క ఆ నాలుగు దాట్ల ముడిలోనే. దానిలో రెండు ఇటువి, రెండు అటువి. రెండు సడలితే రెండు బిగుస్తాయి. తగ్గేది సున్నా. బాపు పేనిన తాడు మూడుసార్లూ సరైన లెక్కే చెప్పింది.

అప్పుడు ఏడ్చాను. నలుగురు వచ్చి పట్టుకోవలసినంతగా ఏడ్చాను. కొడుకుకు తండ్రి మీద ఎంత ప్రేమో అని ఊళ్లో చాలా రోజులు చెప్పుకున్నారు. ఏడ్చింది బాపు కోసమా, వ్యాసం కోసమా అని నన్ను నేను అడుక్కోను. కుండ భుజాన పెట్టుకొని చితి చుట్టూ తిరుగుతూ కూడా నేను దాట్లు లెక్కపెడుతున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దినాలు అయ్యాక కామారెడ్డి వచ్చి, అద్దె గదిలో కూర్చుని స్వయంగా ఎడమ పురి తాడు పేనాను. ఇంటామె నీళ్లకు పోతూ చూసింది.

"ఇంట్ల ఎడమ పురి పేనుతున్నవేంది సారూ? ఎవలు వోయిండ్రు?"

"మా బాపు," అన్నాను.

"ఆయన వోయి పదిహేను దినాలాయె గద. మళ్లెందుకు?"

నేను పురి ఎక్కిస్తూ పోయాను. ఆమె గడప దగ్గర పసుపు నీళ్లు చల్లి పోయింది.

సాయంత్రానికి సందేహం మిగలలేదు. దాట్లకు గుర్తులు పెట్టాలి, ఒక రకానికి కూడిక, ఒక రకానికి తీసివేత. అలా పెడితే మొత్తం ఎంతైనా రావచ్చు, సున్నా కూడా రావచ్చు. ముడి లేని తాడుకూ అదే సంఖ్య రావచ్చు, విడిపోని ముడికీ అదే సంఖ్య రావచ్చు. పురులు చూసి ముడి సంగతి చెప్పలేం. నా సిద్ధాంతంలో నిజంగా మిగిలింది ఒక్కటే, కొసలు అతికిన తాడులో పురులు ఎక్కడికీ పోవు అన్నది. జర్మనీలో ఎవరో దాన్ని వందేళ్ల కిందటే ఒక్క వరుసలో రాసి పెట్టారట. మా బాపుకైతే నేను పుట్టకముందే తెలుసు.

వజీఫా కాగితం పెట్టెలో ఉంది. చేరవలసిన రోజు దగ్గరికొచ్చింది. ఊరికి పోయి అవ్వకు చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పాలి కాబట్టి.

"తప్పు ఎవలకన్న తెల్సిందా?" అని అడిగింది అవ్వ.

"తెల్వదవ్వా."

"మరి నువ్వెందుకు చెప్పవడితివి?"

"నేను చెప్పకుంటే రేపెవలన్న చెప్తరు."

"రేపు చెప్పినప్పుడు రేపు జూసుకుందువు. మీ బాపు ఎంత ఆశవెట్టుకున్నడు. పో, పొయ్యి చేరు."

అవ్వ మాట వినాలని ఎంత అనిపించిందో చెప్పలేను. నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాను. నన్ను ఆపింది భయం. మూడేళ్లపాటు ప్రతి ఉదయం ఆ ప్రొఫెసరు ఎదురుగా కూర్చోవాలి, ఆయన ఏదో ఒక రోజు నాలుగు దాట్ల ముడి గీస్తాడు. ఆ రోజు కోసం ఎదురుచూస్తూ బతకడం నా వల్ల కాదనిపించింది. ఆయనకు ఒక ఉత్తరం, పత్రికకు ఒక ఉత్తరం రాసి కామారెడ్డి టపాలో వేశాను. వేసిన మరుక్షణం డబ్బాలో చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోవాలనిపించింది. చెయ్యి పట్టలేదు.

ప్రొఫెసరు జవాబు ఉర్దూలో నాలుగు వరుసలు. తానూ మూడుసార్లు చదివి ఆ తప్పు పట్టుకోలేకపోయానని, కాబట్టి సిగ్గు నీ ఒక్కడిదే కాదని రాశాడు. వ్యాసం లేదు కాబట్టి షరతు తీరలేదని, ఈ ఏటికి వజీఫా ఇంకొకరికి పోతుందని, సరిచేసుకొని వచ్చే ఏడు రమ్మని. మంచివాడు. ఆ మంచితనం మీద కూడా నాకు ఒళ్లు మండింది.

ఆ మరుసటి ఏడు యూరపులో లడాయి మొదలైంది. పై దేశాల పత్రికలు రావడం తగ్గి, ఆగిపోయాయి. నేను సరిచేయడానికి చేయని ప్రయత్నం లేదు. నోటు పుస్తకాలకు నోటు పుస్తకాలు నింపాను. సరిచేసిన ప్రతిసారీ సిద్ధాంతం ఇంకాస్త చిన్నదయ్యేది, చివరికి చెప్పడానికి ఏమీ మిగలలేదు. ముప్పై దాటాయి. ప్రొఫెసరు నుంచి ఉత్తరాలు తగ్గాయి, రాస్తే ఆయనైనా ఏమి రాస్తాడు? భిన్నాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. పిల్లల్ని కొట్టడం మాత్రం మానేశాను, దానికి కూడా ఓపిక లేక.

రెండేళ్లకు బడి చిరునామాకు ఒక బరువైన కవరు వచ్చింది. దక్షిణాన ఎక్కడో ఒక కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు రాశాడు, ఇంగ్లీషులో, గుండ్రటి దస్తూరి. నా వ్యాసం పత్రికలో చదివానన్నాడు. అది అచ్చయిందని నాకు అప్పుడే తెలిసింది. నా ఉత్తరం వాళ్లకు ఆలస్యంగా చేరిందో, చేరనే లేదో తెలియదు. వారం రోజులు తనకు నిద్ర పట్టలేదని, ఇంత అందమైన ఆలోచన తను ఇంతవరకు చూడలేదని రాశాడు. దాన్ని మూడు పేటల తాళ్లకు విస్తరించి ఎనిమిది పుటలు రాసి జత చేశాడు. దానితో ఒక పరిశోధన స్థానానికి దరఖాస్తు పెడుతున్నానని, నేను చదివి నాలుగు మంచి మాటలు రాసిస్తే తన జీవితం నిలబడుతుందని, నన్ను గురువుగా భావిస్తున్నానని రాశాడు.

నిజం చెబుతాను, నాకు సంతోషం వేసింది. ఆ ఎనిమిది పుటలూ మూడుసార్లు చదివాను. లెక్కంతా చక్కగా చేశాడు, నాకంటే చాలా చక్కగా. ఒక్క తప్పు లేదు, నా నుంచి తీసుకున్నది తప్ప. వెంటనే జవాబు రాయాలి. రాయలేదు. ఆ కవరును తొమ్మిది రోజులు కోటు జేబులో పెట్టుకొని బడికి పోయాను. క్లాసులో భిన్నాలు చెబుతూ చెయ్యి జేబులో పెట్టి దాన్ని తడుముకునేవాణ్ణి. ఆ తొమ్మిది రోజులు నేను గణితజ్ఞుణ్ణి. నన్ను చదివినవాడు ఒకడు లోకంలో ఉన్నాడు. అక్కడ అతను దరఖాస్తు గడువు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడని తెలిసీ తొమ్మిది రోజులు తీసుకున్నాను.

పదో రోజు రాశాను. నా సిద్ధాంతం తప్పని, ఎందుకు తప్పో, నాలుగు దాట్ల ముడి బొమ్మ గీసి చూపించాను. మీ పని మీద నాకు గౌరవం ఉంది, కానీ అది నిలవదు, దయచేసి దరఖాస్తులో పెట్టకండి అన్నాను. చివర ఇంకో వాక్యం రాశాను: నా వ్యాసం చదివినందుకు కృతజ్ఞుణ్ణి, మీరు తప్ప ఇంకెవరూ చదవలేదు. అది జాలి కోసం అడుక్కున్నట్టుందని కొట్టేశాను. కొట్టేసినా అక్షరాలు కనిపిస్తున్నాయని మొత్తం ఉత్తరం మళ్లీ శుభ్రంగా ఎత్తిరాసి, ఆ వాక్యం లేకుండా టపాలో వేశాను.

అతని దగ్గర నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.